పది సంచుల మిద్దె తోట: మొదటిసారి పెంచేవాళ్లకు

మిద్దె తోట మొదలుపెట్టేవాళ్లలో చాలామంది మొదటి రోజే ముప్ఫై కుండీలు, ఇరవై రకాల విత్తనాల ప్యాకెట్లు కొని తెస్తారు. మూడో నెలకు డాబా మీద ముప్ఫై కుండీల ఎండుమట్టి, మూలన సగం వాడిన ప్యాకెట్లు మిగులుతాయి. మొదటి ఏడాదికి మొక్కలు పెంచే సంచులు (గ్రో బ్యాగులు) పది చాలు. పదింటికి నీళ్లు పోయడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటలో ప్రతి మొక్కా కంటబడుతుంది, ఏ ఆకు వెనక పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) చేరిందో ఆ రోజే తెలుస్తుంది. అదే ముప్ఫై అయితే పైపు పట్టుకుని గబగబా తడిపేసి దిగిపోవడమే అవుతుంది.

కింద చెప్పేదంతా హైదరాబాదు, విజయవాడ లాంటి ఊళ్ల డాబా ఎండకు సరిపోయే లెక్క. పెరడు ఉన్నవాళ్లు సంచుల బదులు మడులు అనుకుని చదువుకోవచ్చు.

ముందు ఎండ, తర్వాత బరువు

కాయలు కాసే మొక్కలకు రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ తగలాలి. ఆకుకూరలకు మూడు నాలుగు గంటలు చాలు. మీ డాబా మీద ఎక్కడ ఎంత ఎండ ఉందో ఊహించకండి. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం నాలుగుకు పైకెళ్లి నీడ ఎక్కడుందో సుద్దముక్కతో గీత గీయండి. నీళ్ల ట్యాంకు, మెట్ల గది, పక్కవాళ్ల అపార్టుమెంటు, ఈ మూడే ఎండ తినేవి.

ఇక్కడ ఒక చిక్కుంది. జూన్‌లో సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు కాబట్టి పిట్టగోడ పక్కన కూడా మధ్యాహ్నం ఎండే. డిసెంబరు వచ్చేసరికి దక్షిణానికి వాలిపోతాడు. అప్పుడు దక్షిణపు పిట్టగోడ మూడడుగుల ఎత్తున్నా, మిట్టమధ్యాహ్నం కూడా దాని నీడ రెండున్నర అడుగుల మేర డాబా మీద పడుతుంది. జూన్‌లో అక్కడ పెట్టిన వంగ బ్రహ్మాండంగా కాసి, చలికాలంలో అదే చోట పెట్టిన టమాటా సన్నగా సాగిపోయి పూత నిలపకపోవడానికి కారణం ఇదే. దక్షిణపు గోడ వారన ఆకుకూరల తొట్లు పెట్టండి. కాయల సంచులు ఉత్తరపు వైపు పెట్టండి.

ఇక బరువు. మనుషులు తిరిగే డాబాకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు భారం పడుతుందని లెక్కవేసి కడతారు. ఇది భారతీయ ప్రమాణాల లెక్క. తడిసిన మట్టి మిశ్రమం లీటరుకు 1.2 కిలోల చొప్పున తూగుతుంది. అంటే 20 లీటర్ల సంచి 25 కిలోలు, 65 లీటర్లది 80 కిలోల దాకా ఉంటుంది. సవ్యంగా కట్టిన డాబాకు పది సంచులతో ప్రమాదం ఉండదు గానీ, పెద్ద సంచుల్ని నడిమధ్యలో గుంపుగా పెట్టకుండా కింద గోడలు, దూలాలు ఉన్న చోట వరసగా పెట్టండి. పాత ఇల్లయితే, లేదా ఇప్పటికే పైకప్పు నెమ్ము దిగుతుంటే, ముందు ఇంజనీరును పిలిచి చూపించుకోవాలి, మొక్కలు ఆ తర్వాత.

సంచుల్ని నేరుగా గచ్చు మీద పెట్టకూడదు. ఒక్కో దాని కింద మూడు ఇటుకలు పెట్టండి. అడుగున గాలాడితే గచ్చు ఆరిపోతుంది, నెమ్ము పట్టదు, సంచి రంధ్రాలు పూడుకుపోవు, చీమలు పుట్ట పెడితే కనిపిస్తుంది.

మట్టి దగ్గర పిసినారితనం వద్దు

ఖర్చు పెట్టాల్సింది మట్టి మీదే. నలభై రూపాయల విత్తనాలు పోతే మళ్లీ కొనొచ్చు. గట్టిపడే మట్టి నింపితే ఆ సంచిలో ఏడాదంతా ఏదీ బాగుపడదు.

పది సంచుల కూర్పు ఇలా పెట్టుకోండి: అడుగు వెడల్పు, అడుగు ఎత్తువి ఆరు (బెండ, టమాటా, వంగ, మిరపకు). అడుగున్నర వెడల్పు, ఎత్తువి రెండు (బీర, కాకర పాదులకు). రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, ముప్పావు అడుగు లోతు ఉన్న తొట్టి సంచులు రెండు (ఆకుకూరలకు). పైన రెండంగుళాలు వదిలి నింపితే మొత్తం 300 లీటర్ల మిశ్రమం పడుతుంది. పదిహేను లీటర్ల బకెట్టుతో కొలిస్తే ఇరవై బకెట్లు.

ఆ ఇరవైలో ఎనిమిది ఎర్రమట్టి, ఆరు బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, ఐదు నానబెట్టిన కొబ్బరిపొట్టు, ఒకటి ఇసుక. వీటికి కిలోన్నర వేపపిండి కలపాలి. అన్నీ పరదా మీద పోసి రెండుసార్లు తిరగేసి, సంచుల్లో నింపి, తడిపి పదిరోజులు అలాగే ఉంచండి. వేపపిండి, ఎరువు తడి తగలగానే కొంచెం వేడెక్కుతాయి. ఆ వేడిలో వేసిన గింజ మొలవదు, మొలిచినా వేరు మాడుతుంది. ఈ పదిరోజులు ఆగలేకే చాలామంది మొదటి విత్తనాలు పోగొట్టుకుంటారు.

నల్లరేగడి పొలంలో బంగారం, సంచిలో మాత్రం శత్రువు. తడిస్తే బంక, ఆరితే నెర్రెలు. నెర్రెల్లోంచి నీళ్లు జారిపోతాయి, మధ్యలో వేరు ఎండిపోతుంది. ఎర్రమట్టి దొరకకపోతే పొలం పైమట్టి తెచ్చి ఇసుక పాలు మూడు బకెట్లకు పెంచుకోండి.

పశువుల ఎరువును ఉత్తరాంధ్రలో గెత్తం అంటారు, తెలంగాణలో పెంట ఎరువు. పేరేదైనా చివికిందో లేదో చూసి కొనాలి. చేతిలో తీసుకుంటే పొడిపొడిగా, నల్లగా, వానకు తడిసిన మట్టి వాసన రావాలి. పేడ వాసన వచ్చినా, కుప్పలోకి చెయ్యి పెడితే వెచ్చగా తగిలినా ఇంకా రెండు నెలలు పక్కన పడేయాలి. పచ్చి ఎరువుతో పాటు తెల్లగా, లావుగా, వంకర తిరిగిన పురుగులు కూడా వస్తాయి. అవి వేళ్లు కొరుకుతాయి, మొక్క పైకి బాగానే ఉండి ఒకరోజు ఉన్నట్టుండి వాలిపోతుంది.

కొబ్బరిపొట్టు ఇటుక ఐదు కిలోలది నానితే దాదాపు 70 లీటర్లు అవుతుంది. దాన్ని ఒకసారి నానబెట్టి వాడేయకండి. రెండుసార్లు నీళ్లలో నానబెట్టి పిండి పారబోయాలి, ఎందుకంటే అందులో ఉప్పు ఉంటుంది. కడగని పొట్టు వాడితే మూడు వారాల్లో ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగుకు తిరుగుతాయి.

నీళ్లు

ఎండి చచ్చే మొక్కల కంటే మునిగి చచ్చేవే ఎక్కువ. పైన మట్టి పొడిగా కనిపించిందని నీళ్లు పోయకండి. చూపుడువేలు రెండు కణుపుల దాకా గుచ్చండి. లోపల చల్లగా తడి తగిలితే ఆ రోజు మానేయండి. పొడిగా ఉంటే అడుగున రంధ్రాల్లోంచి కొంచెం కారేదాకా పోయండి. అడుగు సంచికి చలికాలంలో లీటరు, వేసవిలో రెండు మూడు లీటర్లు పడుతుంది. రోజూ చెంబెడు పైపైన చల్లడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. పై రెండంగుళాలే తడిసి వేళ్లు పైకే వస్తాయి, ఒక్క రోజు మానేస్తే మొక్క వాలిపోతుంది.

మధ్యాహ్నం ఆకు వాలినంత మాత్రాన దాహం అనుకోవద్దు. మండుటెండలో వంగ, బీర ఆకులు వాలతాయి, సాయంత్రానికి అవే లేస్తాయి. పొద్దున్నే వాలి ఉంటేనే అనుమానించాలి. అప్పుడు కూడా ముందు వేలు గుచ్చి చూడండి. మట్టి తడిగా ఉండి ఆకు వాలిందంటే వేరు కుళ్లుతోందని అర్థం, ఇంకా నీళ్లు పోస్తే పూర్తిగా పోతుంది.

ఏప్రిల్, మేలో పైపు ఎండలో పడి ఉంటే అందులో నిలిచిన నీళ్లు మరుగుతుంటాయి. ముందు అర నిమిషం పక్కన బకెట్టులోకి వదిలి, చల్లబడ్డాకే మొక్కకు పెట్టండి. వాటర్ ప్యూరిఫయర్ వదిలేసే నీళ్లు వృథా అవుతున్నాయని మొక్కలకు పోయకండి, అందులో లవణాలన్నీ చేరి ఉంటాయి. గట్టి బోరునీళ్లు తప్పనివాళ్లకు సంచి పైన తెల్లటి పొర కడుతుంది. దాన్ని గీకి తీసేసి, వానాకాలంలో నాలుగు పెద్ద వానలకు సంచులు తడవనిస్తే ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది.

ఎప్పుడు, ఏవి

మొదలుపెట్టడానికి మృగశిర కార్తెను మించిన ముహూర్తం లేదు. జూన్ రెండో వారానికి రోహిణి ఎండలు తగ్గి, తొలకరి పడి, ఏ గింజ వేసినా మొలిచే వాతావరణం వస్తుంది. అప్పుడు బెండ, వంగ, మిరప, బీర, కాకర, గోంగూర, తోటకూర. ఆగస్టు, సెప్టెంబరులో టమాటా నారు పోస్తే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాయలు. క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్, బీట్‌రూట్ సెప్టెంబరు నుంచి నవంబరు లోపే వేయాలి, చలి లేకపోతే వాటి మీద ఆశ వద్దు. ఫిబ్రవరిలో మళ్లీ బెండ, దోస, బచ్చలి. మార్చి తర్వాత కొత్తిమీర వేస్తే ఆకు కంటే ముందు పువ్వు వస్తుంది.

మొదటి నెల ఆకుకూరలే

మెంతులు వంటింటి డబ్బాలోవే చాలు. రాత్రి నానబెట్టి, తొట్టిలో ఒత్తుగా చల్లి, పైన అరంగుళం మట్టి కప్పితే మూడో రోజుకు మొలుస్తాయి, ఇరవై అయిదు రోజులకు కూర. ధనియాలు మాత్రం చపాతీ కర్రతో మెల్లగా దొర్లించి రెండు బద్దలు చేయాలి, ఎందుకంటే ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. బద్దల్ని ఎనిమిది గంటలు నానబెట్టి వేయండి. మొలవడానికి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. ఆరో రోజుకే మొలవలేదని తవ్వి చూడకండి.

తోటకూర గింజలు ఆవాల కంటే సన్నం. చెంచాడు గింజలకు పిడికెడు పొడి ఇసుక కలిపి చల్లితే ఒకేచోట కుప్పపడవు. చల్లాక తడి గోనెపట్టా కప్పి, మొలక కనిపించగానే తీసేయండి. ఒకరోజు ఆలస్యమైతే మొలకలు తెల్లగా సాగిపోతాయి. ఎంతకీ మొలవకపోతే చీమల్ని అనుమానించండి. అవి ఈ గింజల్ని వరసకట్టి మోసుకుపోతాయి. నెల తర్వాత రెండంగుళాలు మోడు ఉంచి కోస్తే మళ్లీ చిగురిస్తుంది, ఒకసారి వేసినదాన్ని మూడు కోతలు కోయొచ్చు.

పుదీనాకు విత్తనం అక్కర్లేదు. బజారులో కొన్న కట్టలో లావాటి కాడలు నాలుగు తీసి, కింది ఆకులు దూసి, రెండు కణుపులు మట్టిలోకి దిగేలా గుచ్చితే వారం పదిరోజులకు వేరు పడుతుంది. దానికి మధ్యాహ్నపు నీడ ఇష్టం. వేరే సంచిలోనే ఉంచండి, పక్కన ఏది పెట్టినా దాన్ని మింగేస్తుంది.

కాయగూరలు

నలుగురున్న ఇంటికి ఒక పూట వేపుడు రావాలంటే ఎనిమిది పది బెండ మొక్కలు కావాలి. రెండు మొక్కలు పెడితే రోజుకు రెండు కాయలు వస్తాయి, వాటిని ఏం చేయాలో తెలియక ఫ్రిజ్‌లో ముదురుతాయి. అందుకే ఆరు అడుగు సంచుల్లో మూడు బెండకు ఇచ్చి, ఒక్కోదానిలో మూడేసి మొక్కలు పెట్టండి. కొంచెం ఇరుకే అయినా ఎరువు పడితే కాస్తాయి. గింజలు రాత్రంతా నానబెట్టి, అంగుళం లోతున వేస్తే వారంలోపు మొలుస్తాయి. నలభై అయిదు, యాభై రోజులకు కోత. పువ్వు విప్పిన ఐదారు రోజులకే కోయాలి, రోజు విడిచి రోజు కోయాలి. కాయ ముదరనిస్తే మొక్క గింజ కట్టే పనిలో పడి కొత్త పూత తగ్గిస్తుంది. ఆకుల ఈనెలు పసుపు వలలా మారితే అది పల్లాకు తెగులు, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. మందు లేదు. మొక్క పీకి సంచిలో మూటకట్టి బయట పడేయండి. అర్క అనామిక లాంటి తట్టుకునే రకం ఎంచుకోవడం ఒక్కటే ముందుజాగ్రత్త.

టమాటా, వంగ, మిరప నారు పోసి నాటాలి. కాగితపు టీ కప్పులకు అడుగున రంధ్రం చేసి, రెండు పాళ్లు కొబ్బరిపొట్టు, ఒక పాలు వర్మీకంపోస్టు నింపి, కప్పుకు రెండు గింజలు పావంగుళం లోతున వేయండి. నారు దశలో తడి ఎక్కువైతే కాండం మట్టి దగ్గర నల్లబడి నారు ఒక్కసారిగా పడిపోతుంది, అదే నారుకుళ్లు. టమాటా 25 రోజులకు, వంగ, మిరప 35-40 రోజులకు సాయంత్రం పూట నాటండి. వంగ, మిరప కప్పులో ఉన్న ఎత్తుకే నాటాలి. టమాటాను మాత్రం కింది ఆకులు తుంచి, కాండం సగం దాకా పాతేయొచ్చు, పాతిన కాండమంతా వేళ్లు పుడతాయి. ఊతకర్ర కూడా ఆ రోజే గుచ్చండి. నెల తర్వాత గుచ్చితే వేళ్లు తెగుతాయి.

టమాటా పువ్వులో పుప్పొడి అదే పువ్వుకు సరిపోతుంది, ఉదయం పది గంటలకు కొమ్మను వేలితో చిన్నగా తడితే చాలు. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే ఎంత తట్టినా పూత రాలుతుంది, అందుకే వేసవి టమాటాతో కుస్తీ పట్టొద్దు. కాయ అడుగున నల్లటి మచ్చపడి గుంటలా దిగితే అది పురుగూ కాదు, తెగులూ కాదు. కాయ చివరికి కాల్షియం అందలేదని అర్థం. మట్టిలో లేక కాదు, ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచెత్తడం వల్ల నీళ్లతో పాటు అది పైకి ఎక్కలేదు. గుడ్డుపెంకులు కుమ్మరిస్తే ఈ పంటకు పనికిరావు, అవి కరగడానికి నెలలు పడుతుంది. నీళ్లు సమంగా పోస్తే తర్వాతి గుత్తి మామూలుగా వస్తుంది.

వంగలో లేత చివర ఒకటి ఉన్నట్టుండి వాలిందంటే లోపల పురుగు తొలుస్తోంది. వాలిన చోటుకు రెండంగుళాల కింద తుంచి, చీల్చి చూడండి, గులాబీరంగు పురుగు కనిపిస్తుంది. ఈ దశలో తుంచేస్తే కాయలోకి రాదు. బజారులో పుచ్చు వంకాయ ఏరుతున్నప్పుడు కనిపించే పురుగు ఇదే.

మిరపాకు ముడతలో రెండు రకాలున్నాయి, రెండింటికీ మందు వేరు. ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే తామరపురుగులు, వేపనూనె పనిచేస్తుంది. అంచులు కిందికి తిరిగి, ఆకుకాడ పొడుగ్గా సాగితే అది నల్లి (మంచాల్లో ఉండేది కాదు, ఆకు రసం పీల్చేది), కంటికి కనిపించదు. దానికి నీళ్లలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు, ఎండ తగ్గాక కొట్టాలి. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం కొట్టకూడదు, ఆకు మాడుతుంది. కొట్టాక వారం పాటు కాయ కోయకండి, తర్వాత కూడా కడిగే వాడండి.

బీరపాదు దగ్గర సాయంత్రం ఆరింటికి

పాదు పందిరంతా అల్లుకుని, పసుపు పూలు విరగబూసి, ఒక్క కాయా నిలవకపోతే "గొడ్డుపాదు" అని పీకేస్తారు. పాపం పాదు తప్పేమీ లేదు. మొదటి వారం పదిరోజులు అన్నీ మగపూలే వస్తాయి, గుత్తులుగా. ఆ తర్వాత ఒంటరిగా వచ్చే ఆడపువ్వుకు రేకుల కింద అగ్గిపుల్లంత పిందె ముందే ఉంటుంది. పువ్వు ఎత్తి వెనక చూస్తే తేడా తెలిసిపోతుంది.

బీర పువ్వు సాయంత్రం విప్పుతుంది. తేనెటీగలు గూటికి చేరే వేళ అది. పొలాల్లో రాత్రి పురుగులు ఆ పని చేస్తాయి, నాలుగో అంతస్తు డాబా మీదికి అవి అంతగా రావు. కాబట్టి మీరే చేయాలి. సాయంత్రం అయిదున్నర, ఏడు మధ్య అప్పుడే విప్పిన మగపువ్వును కోసి, రేకులు వెనక్కి మడిచి లేదా తుంచి, మధ్యలో పసుపు పొడి ఉన్న భాగాన్ని ఆడపువ్వు నడుమ మెత్తగా మూడుసార్లు రాయండి. పొడి అంటుకోవడం కళ్లకు కనిపించాలి. ఒక మగపువ్వు రెండు ఆడపూలకు సరిపోతుంది. మూడో రోజుకు పిందె కిందికి వంగి లావెక్కితే పట్టినట్టు. పసుపురంగుకు తిరిగి ముడుచుకుంటే పట్టనట్టు, మర్నాడు ఇంకోదానికి చేయండి. సొరకాయ పువ్వు కూడా సాయంత్రానిదే. కాకర, దోస పొద్దున్నే విప్పుతాయి, వాటికి ఎనిమిదింటి లోపు చేయాలి.

కాకర మీద పండుఈగ కన్ను పడుతుంది. పిందె మీద చిన్న చుక్క, తర్వాత కాయ వంకర తిరిగి పండిపోతుంది, కోస్తే లోపల తెల్లపురుగులు. ఎర బుట్టలు కొనేటప్పుడు ఒక సంగతి అడగండి. మామిడి, జామ ఈగకు వాడే మిథైల్ యూజినాల్ ఎర తీగజాతి ఈగను పిలవదు, దానికి క్యూ-ల్యూర్ కావాలి. తప్పు ఎర పెట్టి బుట్ట ఖాళీగా ఉందని సంతోషపడేవాళ్లు చాలామంది. ఎరకు మగ ఈగలే పడతాయి కాబట్టి, పిందె బొటనవేలంత అయ్యాక పల్చటి గుడ్డసంచి తొడిగితే ఖాయం. పుచ్చిన కాయల్ని కంపోస్టులో వేయకండి, ప్లాస్టిక్ కవరులో మూతికట్టి వారం ఎండలో పడేస్తే పురుగు చస్తుంది.

మేత, మందు

సంచిలో మట్టి తక్కువ, కాబట్టి నాటిన మూడు వారాల నుంచి మేత పెట్టాల్సిందే. పదిహేను రోజులకోసారి సంచికి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు వేసి, పైపైన గీరి కలపండి. పూత మొదలయ్యాక వేరుసెనగ చెక్క వంద గ్రాములు లీటరు నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, ఆ నీళ్లకు పదింతలు నీళ్లు కలిపి సంచికి అరలీటరు పోయండి. వాసన భరించలేనట్టుంటుంది, కింది ఇంటివాళ్లు బట్టలు ఆరేసిన రోజు వద్దు. బియ్యం కడిగిన నీళ్లు పోస్తే నష్టం లేదు, అయితే అవే ఎరువు అనుకోకండి. పాలూ పంచదార కలిసిన టీపొడి కడగకుండా వేస్తే చీమల్ని పిలిచినట్టే.

కింది ముదురాకులు పసుపెక్కితే నత్రజని చాలలేదు. పై లేతాకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు, గట్టి బోరునీళ్లతో తరచూ వచ్చే తంటా ఇది. రెంటికీ ఒకే ఎరువు గుప్పించడం దండగ.

పేనుబంక, తెల్లదోమ కనిపించగానే మందు తీయకండి. ముందు ఆకు అడుగున నీళ్ల ధార గట్టిగా కొట్టండి, సగం పోతాయి. మిగిలినవాటికి లీటరు నీళ్లకు 1500 పి.పి.ఎం. (సీసా మీద రాసే మందు గాఢత) వేపనూనె 5 మి.లీ. నూనెను నేరుగా నీళ్లలో పోస్తే పైన తేలుతుంది, పిచికారీలో మొదట వట్టి నీళ్లు, చివర నూనె వచ్చి ఆకు మాడ్చేస్తుంది. ముందు నూనెలో అంతే కుంకుడు రసం గానీ రెండు చుక్కల షాంపూ గానీ వేసి చిలికి, తెల్లగా అయ్యాక నీళ్లు కలపండి. సాయంత్రం, ఆకు అడుగున కొట్టాలి. గుడ్లు దీనికి చావవు కాబట్టి ఆరు రోజుల ఎడంతో మూడుసార్లు కొట్టాలి. ఒకసారి కొట్టి పనిచేయలేదనేవాళ్లే ఎక్కువ.

ఒక్క పండ్లమొక్క

ఆరు నెలలు కూరగాయలు నిలిచాక, 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్మును అడ్డంగా కోసి ఒక సగంలో జామ పెట్టండి. మొదటి పండ్లమొక్కగా దాన్ని మించింది లేదు, మనం చేసే తప్పులన్నీ ఓర్చుకుంటుంది. లక్నో-49, అలహాబాద్ సఫేదా, తైవాన్ రకాలు డ్రమ్ముల్లో బాగానే కాస్తాయి. సగం డ్రమ్ము తడి మట్టితో 110, 120 కిలోలు ఉంటుంది, దూలం మీదే పెట్టాలి. అడుగున అరంగుళం రంధ్రాలు ఆరు వేసి, పెంకుముక్కలు బోర్లించాలి.

అంటుమొక్కే కొనండి, గింజమొక్క వద్దు. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలు చాలావరకు జిగట బంకమట్టి ముద్దలో ఉంటాయి. దాన్ని అలాగే మీ గుల్ల మిశ్రమంలో పెడితే చుట్టూ మట్టి తడిసినా ముద్ద లోపల ఎండిపోయి ఉంటుంది, లేదా ఎప్పటికీ ఆరదు. ముద్దను బకెట్టు నీళ్లలో అరగంట ఉంచి, బయటి మూడోవంతు బంకమట్టిని వేళ్లతో మెల్లగా రాల్చి నాటండి. అంటు కట్టిన గంటు మట్టికి మూడు నాలుగంగుళాలు పైన ఉండాలి. గంటు కింద నుంచి వచ్చే చిగుళ్లు ఎప్పటికప్పుడు తుంచేయండి. అవి అడవి కొమ్మలు, వదిలేస్తే పైమొక్కను తినేస్తాయి. జామ కొత్త చిగురుకే కాస్తుంది, అందుకే పంట అయ్యాక కొమ్మల చివర మూడోవంతు కత్తిరించాలి. కత్తిరించడానికి చెయ్యి రాకే చాలా డాబాల మీద జామ ఆకులకే పరిమితం అవుతుంది.

బొప్పాయి కావాలంటే రెడ్ లేడీ రకం వేయండి. అందులో మగమొక్కలు రావు. నాటు బొప్పాయి అయితే మూడు పెట్టి, పూత చూసి మగవాటిని తీసేయాల్సి వస్తుంది. ఒక డ్రమ్ముతో సరిపెట్టుకునేవాళ్లకు అది కుదరదు.

ఎండాకాలం, కోతులు

ఏప్రిల్ మొదటి వారానికే యాభై శాతం నీడనిచ్చే వల ఏడడుగుల ఎత్తున కట్టేయండి. మరీ కిందికి కడితే వేడి లోపలే నిలుస్తుంది. మట్టి మీద రెండంగుళాల మందాన ఎండాకులు పరిస్తే నీళ్ల ఖర్చు బాగా తగ్గుతుంది. కాండానికి ఆనకుండా పరవాలి. కోతులు తిరిగే ఊరైతే ఇనుప వల పంజరం కట్టడం తప్ప ఉపాయం లేదు, దిష్టిబొమ్మలకు అవి మూడు రోజులే భయపడతాయి. పావురాలకు ప్లాస్టిక్ వల చాలు.

పంట అయ్యాక మట్టి పారేయకండి. వేళ్లు ఏరి, పరదా మీద నాలుగైదు రోజులు ఎండబెట్టి, మూడోవంతు కొత్త ఎరువు, సంచికి వంద గ్రాముల వేపపిండి కలిపి మళ్లీ నింపండి. టమాటా, వంగ, మిరప ఒకే కుటుంబం. ఒకటి పోయిన మట్టిలో వెంటనే ఇంకోటి పెడితే పాత తెగులు కొత్తదానికి ఎక్కుతుంది. వంగ తీసేసిన సంచిలో మెంతులో గోరుచిక్కుడో చల్లండి, వంగను బెండ తీసేసిన సంచిలోకి మార్చండి.